డానియేలు వేయని బంతి

శుక్రవారం సాయంత్రం క్వార్టర్ ఫైనల్‌కి రాష్ట్ర జట్టు పేర్లు బయటికి వచ్చిన చోట పోయిన వారం కథ ఆపుకున్నాం. వికెట్ కీపర్ అంజన్ పేరు అందులో ఉంది. అతని చిన్ననాటి దోస్తు, ఆఫ్ స్పిన్నర్ డానియేలు పేరు లేదు. అంతకు ముందు రోజుల్లోనే కంటి డాక్టరు అంజన్‌ని కూర్చోబెట్టి, కుడికన్ను వెనక పొర చిరిగి ఉందని చెప్పాడు. కుర్రతనంలో హెల్మెట్ లేకుండా వికెట్లకి అంటుకుని నిలబడ్డప్పుడు బంతి ఎగిరి తగిలిన దెబ్బ అది. ఇన్నేళ్ళూ లోలోపల పెరుగుతూ వచ్చింది. అద్దాలతో పోయేది కాదు. ఆ సంగతి అంజన్ తన భార్య స్వరూపకి ఒక్కతెకే చెప్పాడు. డాక్టరు చివర్లో అన్న ఇంకో మాట మాత్రం ఆమె దగ్గర కూడా దాచాడు.

శనివారం పొద్దెక్కాక అంజన్, కోచ్‌ని అడిగి ఆ రోజు ప్రాక్టీసు మానుకుని, చెప్పులేసుకుని డానియేలు ఇంటికి బయల్దేరాడు.

ఇద్దరిదీ ఉప్పుగూడే. అంజన్ వాళ్ళది బర్రెల కొట్టం ఉన్న ఇల్లు. తండ్రి మల్లన్న ఇప్పటికీ తెల్లారగట్ల పాలు పిండి హోటళ్ళకి పోసి వస్తాడు. డానియేలు వాళ్ళది రైలు పట్టాల వైపు గల్లీ. తండ్రి రైల్వేలో పట్టాల మీద పనిచేసి, ఉద్యోగంలో ఉండగానే పోయాడు. ఈ రెండు ఇళ్ళ మధ్య దారిలో అంజన్ కళ్ళు మూసుకుని కూడా నడవగలడు. ఆ రోజు మాత్రం కాళ్ళు ముందుకి సాగలేదు. ఓదార్చడానికి పోతున్నాడు, కానీ ఓదార్పు మాట ఒక్కటీ నోటికి రావడం లేదు.

గడప మీద డానియేలు తల్లి పుష్పమ్మ గోంగూర ఏరుతూ కూర్చుని ఉంది.

"రా బిడ్డా," అంది. ఎప్పుడూ ఆ వెంటనే వచ్చే "తిన్నవా" అన్న మాట ఈసారి రాలేదు.

"ఏడి పెద్దమ్మా?"

"మీదున్నడు. కూలర్ ఇప్పుకొని కూసున్నడు. పొద్దుగాల కెళ్ళి గదే పని."

అంజన్ ఏదో అనబోయాడు. ఆమె తలెత్తకుండానే చెయ్యి అడ్డం ఊపింది.

"నువ్వేం జేస్తవ్ కొడుకా. పేర్లు రాసేటోనివి నువ్వు గాదు గదా. పో, మీదికి పో. జర మాట్లాడు ఆనితోని."

వంటింట్లో డానియేలు భార్య స్వీటీ స్టవ్ దగ్గర నిలబడి ఉంది. ఆమె సర్కారు బడిలో ఆటల టీచరు. పెళ్ళికి ముందు యూనివర్సిటీ జట్టులో ఆడిన మనిషి. అంజన్ అడుగుల చప్పుడు ఆమెకి తెలియకుండా ఉండదు. అయినా తిరిగి చూడలేదు.

మేడ మీద డానియేలు లుంగీ ఎగ్గట్టి, కూలర్ గడ్డి పలకల్ని నీళ్ళ టబ్బులో ముంచి ఉతుకుతున్నాడు. ఎండలు ఇంకా ముదరలేదు. కూలర్‌తో పని పడేసరికి ఇంకో నెల పడుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"రాత్రి ఫోన్ జేస్తే ఎత్తలే," అన్నాడు అంజన్.

"పండుకున్న."

"గంత జల్దినా?"

డానియేలు నవ్వాడు. నల్లగా, పొడుగ్గా, చేతులు మోకాళ్ళ దాకా ఉన్నట్టు కనపడే మనిషి. కోపం వచ్చినా నవ్వే, బాధ వచ్చినా నవ్వే. వికెట్ల వెనక కూర్చుని ఇన్నేళ్ళూ ఆ నవ్వులు చూసి చూసి అంజన్‌కి ఏది ఏ నవ్వో తెలుసు. ఇది మాట తప్పించే నవ్వు.

"కోచ్ సార్ ఏమన్నడు?"

"ఏమంటడు. జగదీశ్వర్ సార్ మంచిగనే మాట్లాడిండు. బ్యాట్స్‌మెన్లు నన్ను సద్వేసిండ్రంట. ఒక్కటే దిక్కు తిరుగుతున్నదంట బంతి. కొత్తగ ఒచ్చిన పిల్లగాడు రెండు దిక్కులు తిప్పుతుండంట. నిజమే గదరా."

"ఏం నిజం?" అంజన్ గొంతు కొంచెం లేచింది. "రెండు దిక్కులు తిప్పుడు ఈ షహర్‌ల ఎవడు మొదలువెట్టిండు? ఉల్టా ఎందుకు వేస్తలేవ్‌రా? పోయిన సీజన్ సంది సూస్తున్న. ఒక్కటంటే ఒక్కటి వెయ్యలే. ఎన్నిసార్లు అడిగినా భుజం గుంజుతున్నదంటవ్."

"గుంజుతున్నది మరి."

"గుంజేటోడు కూలర్ ఒక్కడే ఎత్తుకొని మీదికి తెస్తడా?"

డానియేలు గడ్డి పలకని పైకెత్తి నీళ్ళు కారనిచ్చాడు.

ఉల్టా అంటే వాళ్ళ గల్లీలో పెట్టుకున్న పేరు. డానియేలు బంతి మామూలుగా కుడిచేతి బ్యాట్స్‌మన్ లోపలికి తిరుగుతుంది. ఉల్టా అదే చెయ్యి, అదే ఊపుతో వచ్చి బయటికి తిరుగుతుంది. బ్యాట్ పట్టినవాడికి తేడా తెలిసేలోపు పని అయిపోతుంది. దాన్ని మొదటిసారి మ్యాచ్‌లో వేసింది బార్కస్ గ్రౌండులో. ఇద్దరికీ అప్పుడే మీసాలు వస్తున్న వయసు. అవతల జట్టులో గోడలాంటి మనిషి ఒకాయన, కొట్టిన ప్రతి బంతీ గ్రౌండు దాటిస్తున్నాడు. డానియేలు ఉల్టా వేశాడు. ఆయన ముందుకు దూకి బ్యాట్ ఊపితే బంతి బయటికి జారిపోయింది. అక్కడ అంజన్ గ్లౌజులు ముందే వచ్చి కూర్చుని ఉన్నాయి. ఎందుకంటే బంతిని డానియేలు వేళ్ళలోంచి వదిలేటప్పుడే అది ఉల్టా అని అంజన్‌కి కనపడింది. వికెట్లు ఎగిరిపోయాయి. మ్యాచ్ అయ్యాక ఆ పెద్దమనిషే ఇద్దరికీ జామకాయలు కొనిపెట్టి, "ఫిర్ ఏక్ బార్ దిఖావ్ బేటా," అని ఇంకొక్కసారి చూపించమని బతిమాలాడు. ఎన్నిసార్లు వేసి చూపించినా ఆయనకి తేడా చిక్కలేదు.

ఆ తర్వాత డానియేలు ఆ బంతితోనే రాష్ట్ర జట్టులోకి వచ్చాడు. దాన్ని పట్టగలిగిన చేతులతో అంజన్ వచ్చాడు. అంజన్ వేళ్ళలో విరగనిది బొటనవేలు ఒక్కటే. ఒకసారి జాతీయ జట్టు శిబిరానికి పిలుపు వచ్చింది. వెళ్ళి, పెద్ద కీపర్‌కి బంతులు అందించి, తిరిగి వచ్చాడు. మళ్ళీ పిలుపు రాలేదు. దానికి బెంగపడలేదు. కెప్టెన్సీ ఒక్కసారైనా వస్తుందేమో అని మాత్రం లోపల ఒక చిన్న ఆశ ఉండేది. అదీ వేరేవాళ్ళకి పోతూ వచ్చింది.

"నాతోని నువ్వు అబద్ధం ఆడవ్‌రా," అన్నాడు అంజన్. "మరి ఇదేంది?"

మెట్ల మీద చప్పుడైంది. స్వీటీ రెండు గ్లాసుల చాయ్ తెచ్చి పిట్టగోడ మీద పెట్టింది. పెట్టి, కిందికి పోకుండా కొంగు బిగించుకుని నిలబడింది.

"ఏ భుజం గుంజుతున్నదో అడుగున్రి అన్నా. రేపొకటి జెప్తడు, మాపొకటి జెప్తడు."

"స్వీటీ, కిందికి పో," అన్నాడు డానియేలు.

"పోను. ఇగ పోను." ఆమె గొంతు పెద్దది కాలేదు. బడిలో పిల్లల్ని వరసలో నిలబెట్టే గొంతు అది, నెమ్మదిగానే వినిపిస్తుంది. "జట్టులకెళ్ళి తీసేసేదాక నోరు మూస్కున్న. ఇప్పుడు తీసేసిండ్రు గదా. నువ్వు జెప్తవా, నేను జెప్పాల్నా?"

డానియేలు తల వంచుకున్నాడు. స్వీటీ అంజన్ వైపు తిరిగింది.

"మీ కన్ను సంగతి ఈయనకు ఎప్పుడో ఎర్క అన్నా."

చాయ్ గ్లాసు అందుకోబోయిన అంజన్ చెయ్యి ఆగిపోయింది. స్వరూప చెప్పిందేమో అని ఒక్క క్షణం అనుకున్నాడు. చెప్పి ఉండదు. ఆమె మాట ఇస్తే ఇచ్చినట్టే.

"ఏం ఎర్క?" అన్నాడు.

డానియేలు టబ్బు దగ్గర నుంచి లేచాడు. తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ, ఎటో పట్టాల వైపు చూస్తూ మాట్లాడాడు.

"పోయిన సీజన్ మొదట్ల, గా సముద్రం పక్కపొంటి ఊర్ల ఆడినం సూడు. రెండు ఉల్టాలు వేసిన. రెండూ నీ కుడి చెయ్యి పక్కకెళ్ళి పొయ్యినయ్. బౌండరీకి పొయ్యినయ్. నువ్వు వాటి దిక్కు గూడ కదలలే. ఏందిరా అంటే, ఎండ కండ్లల్ల పడ్డదన్నవ్. ఎండేడిదిరా? పొద్దుగాల నుంచి మొత్తం మబ్బు."

అంజన్‌కి ఆ రోజు గుర్తుంది. ఎండ అన్న మాట నోట్లోంచి వచ్చాక ఆకాశం వైపు చూసి సిగ్గుపడటం కూడా గుర్తుంది.

"బువ్వ తినేకాడ నువ్వు నీళ్ళు పోస్కుంటున్నవ్. గ్లాసుల గాదు, గ్లాసు పక్కకు పోస్తున్నవ్. నువ్వు ముచ్చట్ల ఉండి సూడలే. నేనే గుడ్డ తీస్కొని తుడిచిన. గప్పుడు సమజైంది. గప్పటి సంది ఉల్టా వెయ్యలే."

ఫలక్‌నుమా వైపు పోయే లోకల్ రైలు వచ్చింది. ఇల్లు కొద్దిగా అదిరింది. గ్లాసుల్లో చాయ్ వణికి, మళ్ళీ నిలబడింది.

"నిన్నెవడు అడిగిండ్రా?" అన్నాడు అంజన్.

"అడగాల్నా? బంతి కీపర్‌ను దాటి బైలు పోతే ఎవన్ని అంటరు? నిన్నే. నీ జాగల కీపింగ్‌కు నిఖిలేష్ ప్యాడ్లు కట్టుకొని రెడీగ ఉన్నడు. మంచి పిల్లగాడే, కాదంటలేను. కానీ..." డానియేలు మొదటిసారి అంజన్ ముఖంలోకి చూశాడు. "నీ గ్లౌజుల్ల బంతి పడ్డ సప్పుడు ఇనకుంటే నాకు లైన్ దొరకదురా. వేరేటోల్లు ఎన్క నిలబడ్తే బంతి ఏడ వేస్తున్ననో నాకే తెల్వది. నీ కోసం జేసినా అనుకోకు. నా కోసమే జేస్కున్న."

"నీ కోసం జేస్కొని ఇంట్ల కూసున్నవ్."

"కూసుంటే కూసున్న. ఏం గాదు."

ఆ "ఏం గాదు" అన్న మాట దగ్గర అంజన్‌కి లోపల ఏదో తెగింది. స్వరూపకి కూడా చెప్పని మాట బయటికి వచ్చేసింది.

"డాక్టర్ ఏమన్నడో ఎర్కనా నీకు? ఏడాది ముంగట ఒస్తే బాగు జేస్తుంటిమి అన్నడు. ఇప్పుడు ఉన్నదాన్ని నిలబెట్టుకునుడే, పోయింది రాదు అన్నడు. గా రోజు గుడ్డ తీస్కొని నీళ్ళు తుడిచేబదులు, ఒరేయ్ నీకు కండ్లు గనవడ్తలేవ్, దవఖానకు నడువ్ అని ఒక్క మాట అంటే..."

పూర్తి చెయ్యలేకపోయాడు. పూర్తి చెయ్యాల్సిన అవసరమూ లేదు. డానియేలు టబ్బు అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు. ఎప్పుడూ ఏదో ఒక నవ్వు ఉండే ఆ ముఖంలో ఇప్పుడు ఏ నవ్వూ లేదు. స్వీటీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నీళ్ళ ట్యాంకు గట్టు మీద కూలబడింది.

"నాకు తెల్వదురా," అన్నాడు డానియేలు. "బాగైతదని తెల్వది. నేను... ఆట పోతదనే అనుకున్న. కన్ను పోతదనుకోలే."

ఆ గొంతు విన్నాక అంజన్ కోపం ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా చల్లారింది. తను అన్నది అబద్ధం కాదు. న్యాయమూ కాదు. ఆ సముద్రం ఒడ్డు మ్యాచ్‌కి ముందే, ఒక రోజు గడ్డం గీసుకుంటూ, సబ్బు నురగ పడి ఎడమకన్ను మూసుకున్నాడు. అద్దంలో తన ముఖం చుట్టూరా ఉంది, మధ్యలో ముక్కు లేదు. కన్ను నలుపుకున్నాడు. నిద్ర చాలలేదనుకున్నాడు. ఆ తర్వాత ఎడమకన్ను ఒక్కటే మూసుకోవడం మానేశాడు. మూస్తే ఏం కనపడుతుందో, ఏం కనపడదో తెలుసు కనక.

అదంతా ఇప్పుడు చెప్పాడు. ముక్కు లేని ముఖం సంగతితో సహా.

"నాకూ ఎర్కనేరా. నీకంటె ముందుగాల్నే ఎర్క. నువ్వు గుడ్డతోని తుడిచినవ్, నేను కన్ను మూస్కోవుడు బంద్ జేసిన. ఇద్దరం ఒక్కటే పని జేసినం."

డానియేలు వచ్చి పక్కన కూర్చున్నాడు. భుజం మీద చెయ్యి వెయ్యలేదు. ఓవర్ అయిపోయాక పిచ్ మధ్యలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒక్క మాటా అనుకోకుండా విడిపోయే సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఇదీ అలాగే ఉంది. చల్లారిన చాయ్ ఇద్దరూ తాగారు.

"బువ్వ అయింది, దిగున్రి!" అని కింద నుంచి పుష్పమ్మ కేకేసింది. "స్వీటీ, ఆ పిలగాన్ని గూడ తోల్కరా. తినకుంట పోతే ఊకోను."

అన్నంలోకి గోంగూర పప్పు, పచ్చిమిరపకాయలు వేయించినవి. పుష్పమ్మ కళ్ళు మూసుకుని నాలుగు మాటలు ప్రార్థన చేసింది. అందులో అంజన్ పేరు వచ్చిందో లేదో అతనికి సరిగ్గా వినపడలేదు. స్వీటీ వడ్డిస్తూ అతని గ్లాసులో నీళ్ళు తనే పోసింది. ఎందుకని ఎవరూ అడగలేదు. అంజన్ తల వంచుకుని తిన్నాడు.

చెయ్యి కడుక్కుంటుండగా ఫోన్ మోగింది. కోచ్ జగదీశ్వర్.

"అంజన్, ఏడున్నవ్? జర ఇను. పొద్దుగాల నెట్స్‌ల రామ్‌చందర్‌కు వేలు ఇరిగింది. ఈ మ్యాచ్ ఆడడు." రామ్‌చందర్ జట్టు కెప్టెన్. "సెలెక్టర్లతోని మాట్లాడిన. టాస్‌కు నువ్వే పోతున్నవ్. కెప్టెన్‌వి నువ్వే."

అంజన్ తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట, చెయ్యి తడి ఆరకముందే వచ్చేసింది.

"ఉన్నవా లైన్ల?"

"ఉన్న సార్."

"ఆయన జాగల ఒకన్ని పిలవాలె. పిచ్ జూసొచ్చిన, ఎండి పెంకు లెక్క ఉన్నది. ఇంకొక స్పిన్నర్ ఉంటె మంచిగుండు అనిపిస్తున్నది. డానియేలు దగ్గర ఇంకా ఏమన్న ఉన్నదా, అయిపోయిందా? ఆని బంతి నీకంటె మంచిగ ఎవలకు ఎర్క? నువ్వు ఊఁ అంటే పిలుస్త."

డానియేలు గుమ్మంలో నిలబడి వింటున్నాడు. ఫోన్‌లోంచి వచ్చే మాట ఆ చిన్న ఇంట్లో అందరికీ వినపడుతూనే ఉంది.

"ఉన్నది సార్," అన్నాడు అంజన్.

"ఉల్టా గూడనా?"

"గది గూడ ఉన్నది."

"మరి ఇన్ని దినాలు ఏడ దాస్కున్నడు?"

డానియేలు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. చెప్పకు అని పెదాలు కదిలాయి. ఊఁ అంటే చాలు. కెప్టెన్సీ ఉంటుంది, దోస్తు జట్టులోకి వస్తాడు. ఉల్టా వెయ్యకుండా ఇంకో మ్యాచ్ నెట్టుకురావచ్చు. మ్యాచ్ అయ్యాక చెప్పుకోవచ్చు. స్వరూపతో తను అన్నదీ అదే. ఈ మ్యాచ్ అయినంక జెప్త.

"ఫోన్ల జెప్పేది గాదు సార్," అన్నాడు అంజన్. "ఒస్తున్నం. ఇద్దరం ఒస్తున్నం."

డానియేలు బండి తీశాడు. ఛత్రినాక దాటి, గౌలిపురా మీదుగా, చాదర్‌ఘాట్ బ్రిడ్జి ఎక్కారు. బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఆగినప్పుడు డానియేలు వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"కెప్టెన్‌గా ఒక్క మ్యాచ్ ఆడుకోరా. గటెన్క జెప్దువు."

"నడుపురా బై," అన్నాడు అంజన్.

గ్రౌండులో జట్టు ప్రాక్టీసు అయిపోవస్తోంది. జగదీశ్వర్ నెట్ పక్కన కుర్చీలో కూర్చుని టోపీతో విసురుకుంటున్నాడు. అంజన్ నిలబడే చెప్పాడు. కుర్రతనంలో తగిలిన దెబ్బ, అద్దంలో ముఖం, రెండు బైలు, డాక్టరు మాట, డానియేలు ఉల్టా వెయ్యకపోవడం, అన్నీ. కొంచెం దూరంలో నిఖిలేష్ ప్యాడ్లు విప్పుకుంటూ అవన్నీ విన్నాడు. విని, చెయ్యి ఆపేశాడు.

జగదీశ్వర్ టోపీ ఊపడం ఆపాడు.

"కెప్టెన్సీ ఇస్తనన్నంక జెప్తున్నవ్."

"గందుకే సార్. ఇయ్యకుంటే ఇంకో మ్యాచ్ దాస్కుంటుంటి. ఇప్పుడు దాస్తే జట్టు మొత్తాన్ని మోసం జేసినట్టు అయితది."

"ఊఁ." కోచ్ లేచాడు. "డాక్టర్‌కు డాక్టర్ పని ఎర్క. నాకు గ్లౌజుల పని ఎర్క. ఎడమ కన్ను మంచిగనే ఉన్నది గదా? ఇప్పుడే సూద్దాం. పో, గ్లౌజులు తొడుగు. నిఖిలేష్, బ్యాట్ పట్టుకొని నిలబడు. డానియేలు, ఒక్క ఓవర్ వెయ్. ఉల్టా ఎప్పుడేస్తవో ఎవ్వలికి జెప్పకు. నాకు గూడ జెప్పకు."

అంజన్ గ్లౌజులు తొడుక్కుని వికెట్ల వెనక్కి వెళ్ళాడు. నిఖిలేష్ తన హెల్మెట్ తీసి అతని ముందు పెట్టాడు.

"పెట్టుకో అన్నా. మల్ల ఒక దెబ్బ ఒద్దు," అన్నాడు. ఈ ఓవర్‌లో అంజన్ బంతి వదిలితే ఆ చోటు తనదే. అయినా ఆ మాటలో వేరే ఏదీ లేదు. అంజన్ హెల్మెట్ పెట్టుకున్నాడు.

మొదటి బంతి లోపలికి తిరిగింది. నిఖిలేష్ వదిలేశాడు, అంజన్ పట్టాడు. రెండోది అలాగే. మూడోది కాస్త పైకి లేచింది, పట్టాడు. చేతులు ఎప్పటి చేతులే. తోలు గ్లౌజులో పడిన చప్పుడు గ్రౌండు అవతలి గోడకి తగిలి తిరిగి వచ్చింది. నాలుగోదీ లోపలికే. అయిదోదీ లోపలికే.

ఒక్క ఉల్టా కూడా పడలేదు. అది కావాలనే అని అంజన్‌కి తెలిసిపోయింది. లేచి, గ్లౌజులు చంకలో పెట్టుకుని పిచ్ మధ్యకి నడిచాడు. డానియేలు బంతిని చొక్కాకి రుద్దుతూ నేల చూపులు చూస్తున్నాడు.

"మల్ల నీళ్ళు తుడుస్తున్నవ్‌రా," అన్నాడు అంజన్ మెల్లగా.

డానియేలు బంతి రుద్దడం ఆపాడు.

"పోతే పోనియ్. నీ బంతి నువ్వు వెయ్. పట్టుడు, ఇడుసుడు నా పని. నన్ను కాపాడకు."

వెనక్కి వచ్చి, గ్లౌజులు తొడుక్కుని కూర్చున్నాడు. మోకాళ్ళు టపటపమన్నాయి. నిఖిలేష్ బ్యాట్ నేలకి తాటించి నిలబడ్డాడు. డానియేలు తన గుర్తు దగ్గర ఇంతకు ముందెప్పుడూ లేనంతసేపు ఆగాడు. బంతిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చాడు. కదిలాడు.

ఒక అడుగు, ఇంకో అడుగు, ఆ పొడుగు చెయ్యి తలమీంచి తిరిగి వచ్చింది. అంజన్ ఆ వేళ్ళ కోసం చూశాడు. వేళ్ళు ఉండాల్సిన చోట కుడికన్ను బూడిద రంగు మసక ఎడమకన్ను చూపుకి కూడా అడ్డం పడింది. ఏ బంతో అతనికి తెలియలేదు. తెలిసింది ఒక్కటే, వేసినవాడు డానియేలు. తను అడిగిన దాన్ని ఆ మనిషి చేస్తాడా, చెయ్యడా?

బంతి ఇంకా గాల్లో ఉండగానే అంజన్ తన రెండు చేతులూ, మొత్తం ఒళ్ళూ కుడివైపుకి, ఉల్టా తిరిగే వైపుకి వేశాడు.

బంతి నేలని తాకింది.